పరదా వెనుక విన్న ఉయ్యాల

ఆ సినిమా మొదటి ఐదారు నిమిషాలు మేము చూడలేదు, విన్నాం. ఈ మాట అంటే ఇప్పటివాళ్ళు నన్ను ఎగాదిగా చూస్తారు. నారాయణపేట టాకీసులో ఆడవాళ్ళ జాగా వేరుగా ఉండేది. హాలు వెనక భాగంలో కొంచెం ఎత్తు మీద బెంచీలు, చుట్టూ నడుమెత్తు గోడ, ముందువైపు పైనుంచి కిందిదాకా ఒక తెల్లటి పరదా. లోపల దీపాలు వెలుగుతున్నంతసేపూ ఆ పరదా మూసి ఉండాలి. ఘోషా పాటించే ముస్లిం ఇళ్ళ ఆడవాళ్ళ కోసం నిజాం కాలంలో పెట్టిన పద్ధతి అది. నిజాం పోయాడు, పరదా పోలేదు. మా నేత ఇళ్ళ ఆడవాళ్ళం కూడా దాని వెనకే కూర్చునేవాళ్ళం. దీపాలు ఆరిపోయాక, గేటు దగ్గరుండే ముసలామె తాడు లాగితే పరదా పక్కకు జరిగేది. ఆమెను అందరం ఖాలా అనేవాళ్ళం, పిన్నమ్మా అన్నట్టు.

ఖాలా ఒక నియమం పెట్టుకుంది. చివరి ఆడమనిషి కూర్చునేదాకా తాడు ముట్టదు. తెర మీద బొమ్మ మొదలైనా సరే, ఎవరెంత మొత్తుకున్నా సరే. "జర ఆగున్రమ్మా, వచ్చేటోళ్ళను కూసోనియ్యున్రి" అని నింపాదిగా అనేది. మామూలు సినిమాలకు దానివల్ల మాకు పోయేదేమీ లేదు. మొదట పేర్లు పడతాయి, దేవుడి పటం చూపిస్తారు. మాలో చదువొచ్చినవాళ్ళు తక్కువ, పేర్లతో మాకేం పని? కానీ ఆ ఆషాఢంలో వచ్చిన భయం సినిమా పేర్లతో మొదలు కాలేదు. దీపాలు ఆరగానే నేరుగా కథలోకి దూకింది. మేము పరదా వెనక చిక్కుకుపోయాం.

మా అమ్మకు చూపు పోయిందని నాకు తెలిసింది ఆ ఐదారు నిమిషాల వల్లనే. సినిమా గురించి రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా అమ్మ కళ్ళ దగ్గరికే వెళ్తాను. కాబట్టి రెండూ కలిపే చెబుతాను.

ఆ ఎండాకాలంలోనే నా పెళ్ళయింది. కొల్లాపూరుకు ఇచ్చారు. ఆషాఢంలో కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడదు కనుక పుట్టింటికి వచ్చాను. ఇంట్లో అమ్మ, బాపు ఇద్దరే. ఒక గుంట మగ్గం. బాపు నేసేవాడు. మగ్గం మీది నిలువు దారాలు, అంటే పాత పడుగు, అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద రాసుకుని రెండు కొసలు కలిపి పురి పెడితే అతుక్కుంటాయి. ఆ పని అమ్మది. వీధిలో ఆమె అంత వేగంగా, ఆమె అంత గట్టిగా అతికేవాళ్ళు లేరని అందరూ ఒప్పుకునేవారు. ఆ పేరే ఆమె నగ. ఎదురుగా ఇంకొకరు కూర్చుని రంగు చూసి పోగు అందించాలి. అది నా పని. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నాదే.

వచ్చిన వారానికి ఒక పడుగు అతికాం. కుంకుమ రంగు అంచు, వంగపండు రంగు ఒళ్ళు. నడుమ ఒకసారి నేను లేచి నీళ్ళ బిందె దించుకోవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అమ్మ ఊరికే కూర్చోకుండా తనంతట తనే నాలుగు పోగులు తీసుకుని అతికేసింది. నేను చూడలేదు. ఆమె చెప్పలేదు. నాలుగు రోజులకు చీర మొదటి గజం బయటికి వచ్చాక చూస్తే, కుంకుమ అంచులో మూడు వంగపండు గీతలు నిలువునా దిగిపోతున్నాయి. పడుగులో పడ్డ తప్పు పడుగు అయ్యేదాకా పోదు. కోసి మళ్ళీ అతికితే తప్ప మార్గం లేదు.

బాపు కోపం నాకు తెలుసు. నాకూ ఆ కోపమే వచ్చింది కాబట్టి ఇంకా బాగా తెలుసు. కానీ ఆ రోజు ఆయన అరవలేదు. నన్ను వాకిట్లోకి పిలిచి, పక్కింటి వాళ్ళు వింటుండగా, మామూలు గొంతుతో అన్నాడు.

"అత్తగారింటికి పోయి రెండు నెలలు కాలే, అప్పుడే పని మరిచినవ్. గీ చెయ్యి ఇగ నా ఇంటి చెయ్యి కాదు. పడుగు కాడ కూసోకు."

కొట్టినా బాగుండేది. కొత్తగా పెళ్ళయిన పిల్లను పట్టుకుని అనే మాటా అది? "నేను గా పోగు ఇయ్యలే బాపూ" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నేను ఇవ్వని పోగులంటే నేను నీళ్ళకు లేచినప్పుడు అతికినవే అయ్యుండాలి. అమ్మ వైపు చూశాను. ఆమె గడప లోపల నిలబడి ఉంది. నోరు తెరవలేదు. నేను లేచి వెళ్ళినప్పుడు అతికింది తానేనని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తప్పు తనదని ఆమెకు తెలుసా, తెలియదా? ఆ ప్రశ్న ఆ రోజు నన్ను పట్టుకుంది. చాలా నెలలు వదల్లేదు.

మూడో రోజు అమ్మ ఎన్నడూ లేంది సినిమా మాట ఎత్తింది.

"టాకీసుల కొత్త బొమ్మ వచ్చిందట. పిల్ల వచ్చినప్పటి సంది ఇంట్లనే ఉన్నది. పోయొద్దాం" అన్నది బాపుతో.

బాపు వెంటనే సరేనన్నాడు. అన్న మాట ఆయనకూ గుచ్చుకుంటూ ఉన్నట్టుంది. మధ్యాహ్నం ఆటకు బయలుదేరాం. వాన వచ్చి వెలిసి, ఎండ మళ్ళీ చురుక్కుమంటోంది. ఆయన మగవాళ్ళ వైపు, మేము పరదా వెనక్కి.

రేకుల కప్పు కింద ఉక్కపోస్తోంది. కొంగులతో విసురుకుంటున్నాం. దీపాలు ఆరాయి. మామూలుగా అప్పుడు పెద్ద సంగీతం రావాలి. రాలేదు. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత 'కిర్రు... కిర్రు...' అని ఒక చప్పుడు. ఉయ్యాల బల్ల గొలుసుల చప్పుడు. దానితోపాటు ఒక ఆడమనిషి కూనిరాగం. మాటల్లేవు, ఉత్త రాగం, ఇంట్లో పని చేసుకుంటూ తీసేలాంటిది. అంతే. ఆ రెండే చప్పుళ్ళు ఎంతసేపు వినిపించాయంటే, మా వెనక బెంచీలో ఒకామె "మిషను చెడిపోయిందేమొ" అన్నది కూడా.

"ఖాలా, పరదా తియ్యి" అని నలుగురు అరిచారు. గేటులోంచి ఇంకా ఎవరో ముగ్గురు బురఖా వాళ్ళు వస్తున్నారు. ఖాలా వాళ్ళకు జాగా చూపిస్తోంది.

పరదా తెల్లటిది, పలచటిది. తెర మీది వెలుగు దాని మీద పడి మసకగా కదులుతోంది, బొమ్మ మాత్రం లేదు. అప్పుడు దూరంగా అడుగుల చప్పుడు మొదలైంది. చెక్క మెట్ల మీద. ఒక అడుగు, ఆగడం, ఒక అడుగు. ఉయ్యాల ఊగుతూనే ఉంది. కూనిరాగం సాగుతూనే ఉంది. ఆమెకు ఆ అడుగులు వినబడలేదని మాకు తెలుస్తోంది. ఆమెను ఎట్లా పిలవాలి? చిత్రమేమిటంటే, అప్పటిదాకా గొణుక్కుంటున్న ఆడవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు. పసిపిల్ల ఏడిస్తే తల్లి నోటికి చేయి అడ్డం పెట్టింది, మెట్ల మీది మనిషికి వినబడుతుందేమో అన్నట్టు.

అమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "గా వచ్చేటోడు ఎడమకాలు ఈడుస్తుండు" అన్నది.

నేను చెవి పెట్టి విన్నాను. నాకేమీ తేడా తెలియలేదు.

అడుగులు ఆగాయి. రాగం కూడా ఆగింది, సగంలో. కేక లేదు, ఏమీ లేదు. ఉయ్యాల మాత్రం 'కిర్రు... కిర్రు...' అంటూనే ఉంది. మిగతా అందరం ఆమె ఇంకా ఊగుతోందనే అనుకున్నాం. నేను ఊపిరి కూడా వదిలాను.

"ఆమె లేదు" అన్నది అమ్మ.

"ఎవరమ్మా?"

"ఉయ్యాల మీది ఆమె. ఇను, బరువు లేదు. ఉత్త ఉయ్యాల ఊగుతాంది."

మళ్ళీ చెవి పెట్టి విన్నాను. నిజమే. గొలుసుల చప్పుడు సన్నబడింది. బరువున్న ఉయ్యాల లాగినట్టు మూలుగుతుంది, ఖాళీది పొడిగా గీకుతుంది. మా ముందు బెంచీలో వాళ్ళు కూడా అమ్మ మాట విన్నారు. ఒకామె "అయ్యో, నీ నోట్ల మన్నువడ, గట్లనకు" అని అమ్మ చేయి గట్టిగా పట్టుకుంది. చివరి బురఖా ఆమె కూర్చుంది. సరిగ్గా అప్పుడే టాకీసు అదిరిపోయేలా సంగీతం మోగింది. ఖాలా తాడు లాగింది. పరదా ఉంగరాల చప్పుడు ఆ మోతలో ఎవరికీ వినబడలేదు.

తెర నిండా ఖాళీ ఉయ్యాల, ఇంకా కొంచెం కొంచెం ఊగుతోంది. బల్ల మీద ఒక్క చేతి గాజు. హాలంతా "అమ్మో" అన్నది. నేను కూడా అన్నాను, అని అమ్మ వైపు తిరిగాను. ఆమె మొహం మీద తెర వెలుగు తెల్లగా పడుతోంది. కళ్ళు తెరిచి ముందుకే చూస్తోంది. కదలకుండా, ఓపికగా.

"ఖాలాకు ఏమైందే ఇయ్యాల?" అన్నది. "ఇంకా పరదా తియ్యలేదా బిడ్డా?"

తెర వైపు చూశాను, మళ్ళీ ఆమె కళ్ళ వైపు చూశాను. సంగీతం మోగుతూ ఉంది, తెర మీద పేర్లు పడుతున్నాయి. అందరూ సర్దుకుని కూర్చుంటున్నారు. ఎందుకో తెలియదు, నేను అబద్ధం ఆడాను.

"తీస్తున్నదమ్మా. జర ఆగు."

కాసేపు ఆగాను. తర్వాత, "ఆఁ, తీసింది" అన్నాను.

"ఆఁ" అన్నది అమ్మ, తల ఊపుతూ. "ఇప్పుడు మంచిగ కనబడుతాంది."

తర్వాత రెండు గంటల సినిమా ఏం జరిగిందో నాకు అంతంతే గుర్తు. హంతకుడు ఎవరన్నది చివర్లో తేలింది. ఎడమకాలు ఈడ్చేవాడే. మిగిలినవాళ్ళకు అది చివరి అరగంటలో తెలిసింది. అమ్మకు మొదటి ఐదు నిమిషాల్లో తెలిసింది. ఆమె నిజంగా సంతోషపడింది. ఆ సంతోషం చూసి నాకు ఏడుపు వచ్చింది.

ఇంటికి వస్తుంటే బాపు పెదవి విరిచాడు. "ఏమున్నదే అందుల? మొదట్లనే అంత చూపిచ్చె. బూట్ల కాళ్ళు చూపిచ్చిండు, మెట్లు చూపిచ్చిండు, ఆమె జడ చూపిచ్చిండు. గంతే. గప్పుడే సమజైంది, సంపుతడని."

"ఎడమకాలు ఈడ్చింది చూసినవా?" అని అడిగింది అమ్మ.

బాపు నడక ఆపాడు. "కాలా? గది నేను చూడలే."

"నేను మొదలే అన్న. పిల్లను అడుగు."

"వారీ!" అని బాపు నవ్వాడు. "మీ అమ్మను తీస్కపోయి పోలీసు టేషన్ల కూసోవెట్టాలె." ఇద్దరూ నవ్వుకుంటూ నడిచారు. అమ్మ నా రెక్క పట్టుకుని ఉంది, బురద అని చెప్పి. నేను నవ్వలేకపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత అదే సినిమా పాలమూరులో మళ్ళీ ఆడితే వెళ్ళాను. అప్పటికి పరదాలు పోయాయి. మొదటి ఘట్టం మొత్తం కళ్ళారా చూశాను. బాపు చెప్పింది నిజమే, చూస్తే పెద్దగా ఏమీ లేదు. బూట్లు, మెట్లు, జడ. ఉయ్యాల బల్లకు ఎర్ర రంగు వేశారు, అది కొట్టొచ్చినట్టు కనబడుతోంది. కన్ను దానితో సరిపెట్టుకుంటుంది, చెవిని పని చేయనివ్వదు. అయినా ఆ తీసినవాడు తెలివైనవాడే. భయపెట్టడానికి దయ్యాన్నీ కత్తినీ తేలేదు. ప్రతి ఇంట్లో ఉండే చప్పుడు తెచ్చాడు, దాన్ని విసుగొచ్చేదాకా వినిపించాడు. మనం దానికి అలవాటు పడ్డాక అందులో ఒక్క పిసరు మార్చాడు. ఏం మారిందో చెప్పలేం, ఏదో మారిందని మాత్రం ఒళ్ళు చెబుతుంది. ఇంకొకటి, మెట్ల మీది అడుగులు మనకు వినిపించి ఆమెకు వినిపించకుండా చేశాడు. ఏమీ తెలియకపోతే భయం లేదు. అంతా తెలిసినా భయం లేదు. మనకు తెలిసి, ఆ కూనిరాగం తీసే మనిషికి తెలియనప్పుడే ప్రాణం విలవిలలాడుతుంది.

ఇది నేను పాలమూరులో నేర్చుకోలేదు. ఆ సినిమా చూసి ఇంటికి వచ్చిన వారంలో నేర్చుకున్నాను. మా ఇల్లే ఆ ఉయ్యాల ఇల్లయింది. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. అమ్మ వండుతోంది, ఊడుస్తోంది, బాపు మగ్గం మీద ఉన్నాడు. నేను ఒక్కదాన్నే చూస్తున్నాను. గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు అమ్మ వేలి కొస అంచు లోపల పెడుతుంది, ఎంత నిండిందో తెలియడానికి. వాకిట్లో ఎవరైనా నిలబడితే, వాళ్ళు మాట్లాడాకనే "రా బిడ్డా" అంటుంది. సూదిలో దారం ఎక్కించమంటే "నీ కండ్లు లేతయి, నువ్వెక్కియ్యి" అంటుంది. ఉప్పు డబ్బా నేను ఒక బెత్తెడు జరిపితే ఆమె చేయి ఖాళీ జాగాను తడిమింది. వెంటనే పక్కకు జరిగి డబ్బాను అందుకుంది, ఏమీ కానట్టు. ఇవన్నీ నేను వచ్చిన రోజునుంచీ నా కళ్ళ ముందే ఉన్నాయి. అంత కోపం పెట్టుకుని కూర్చుంటే ఏం కనబడుతుంది?

ఆమె ఎందుకు దాస్తోందో నాకు అర్థమైంది. చూపు పోయిందంటే పడుగు ముందు కూర్చోనివ్వరు. పడుగు లేకపోతే ఆ వీధిలో ఆమె ఎవరు? బాపు పెద్దమ్మకు చూపు పోయాక మూలన మంచం వేసి అన్నం పెట్టేవారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరూ ఏమీ అడగనూ లేదు. ఆ మంచాన్ని అమ్మ పదేళ్ళు చూసింది.

అంతలో కొత్త పడుగు వచ్చింది. పోగులు అందించడానికి పక్క వీధిలోని తన చెల్లెలిని పిలుస్తానన్నాడు బాపు. ఆమె కళ్ళు డేగ కళ్ళు, అమ్మ చేతులు తడబడితే పట్టేస్తుంది.

"వద్దు" అన్నది అమ్మ. "నా బిడ్డనే కూసోని. మళ్ళ ఎప్పుడొస్తదో ఏమో."

"చెప్పిన గదా, గా చెయ్యి పడుగుకు పనికి రాదు."

నేను జాగ్రత్తగా చెప్పాలనుకున్నాను. ఎట్లా చెప్పాలో మూడు రోజులు మనసులో కూర్చుకున్నాను. ఆ మాట మళ్ళీ వినేసరికి అన్నీ గాలికి పోయాయి.

"నా చేతి తప్పు కాదది. అమ్మ కండ్ల తప్పు. ఆమెకు కనబడదు. నీకు ఆ సంగతే తెల్వదు!" అని అరిచాను.

ఇంత వయసొచ్చినా ఆ అరుపు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె రహస్యాన్ని నేను ఆమె కోసం బయట పెట్టలేదు. నా పరువు కోసం బయట పెట్టాను.

"దీనికేమొ అయింది" అన్నది అమ్మ తాపీగా. "కనబడకపోతె గింత పని ఎట్ల చేస్తున్న?"

బాపు మమ్మల్ని ఇద్దరినీ చూశాడు. కింది గంపలోంచి రెండు దారపు కండెలు, ఒకటి ముదురుది, ఒకటి లేతది, తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇందుల కుంకుమది ఏదో తియ్యి."

అమ్మ వంగి, రెండూ చేతిలోకి తీసుకుని, ఒకటి ఆయన చేతికి ఇచ్చింది. అది కుంకుమ రంగుదే. నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది కూడా. నేను అబద్ధాలకోరునైపోయాను. కానీ ఆమె కట్టుకున్నది నేతగాణ్ణి. ముదురు రంగు అద్దిన దారం వేలికి గరుకుగా తగులుతుందని ఆయనకు తెలియదా? ఆ రెండూ వెనక్కి తీసుకుని, నాలుగడుగులు దూరం జరిగి, వెలుతురులో నిలబడ్డాడు. రెండు చేతుల్లో రెండు కండెలు ఎత్తి పట్టుకున్నాడు.

"ముట్టకుండ చెప్పు" అన్నాడు.

అమ్మ చూసింది. చాలాసేపు చూసింది. పక్కింటి మగ్గం టకటకలాడుతోంది. నేను మనసులో "కుడి చెయ్యి, కుడి చెయ్యి" అనుకుంటున్నాను, ఇప్పుడే ఆమె గుట్టు రట్టు చేసినదాన్ని. ఆమె కొంగు సర్దుకుని అక్కడే కూలబడింది. బాపు చేతులు దించలేదు. అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు, ఎవరైనా వచ్చి తీసుకుంటారన్నట్టు. "ఎప్పటి సంది?" అని ఆయన అడిగిన గొంతు నేను ఎన్నడూ వినలేదు. "ఏడాదైంది" అన్నది అమ్మ. ఆ రోజు మా ఇంట్లో మగ్గం ఆడలేదు.

దసరా పోయాక, చలి మొదలైనప్పుడు, పాలమూరు దవాఖానలో ఆమె కుడి కంటికి ఆపరేషన్ చేశారు. కంటి మీద పొర పెరిగిందన్నారు, మోతియాబిందు అన్నారు. నేను కొల్లాపూరు నుంచి వచ్చి పక్కన ఉన్నాను. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదపకుండా పడుకోబెట్టారు. ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నీళ్ళు, దుప్పటి, బాపు తిన్నాడా. కట్టు విప్పిన రోజు డాక్టరు వేళ్ళు చూపించి ఎన్నని అడిగాడు. "మూడు" అన్నది. సరిపోయింది. "కనబడుతాందా?" అని బాపు అడిగాడు. "మంచిగ కనబడుతాంది" అన్నది.

బాపు కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. టాకీసులో కూడా అచ్చం ఆ గొంతుతోనే, ఆ మాటే అన్నది.

నెల గడిచాక సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. మొదటి పడుగు అతకడానికి నన్నే పిలిపించాడు బాపు. బస్సు దిగి ఇంట్లో అడుగు పెడితే, ఎదురొచ్చి నా చేతిలోని సంచీ తీసుకుని, "పోయి కూసో, మీ అమ్మ నీ కోసమే ఆగింది" అన్నాడు. అంతకంటే క్షమాపణ ఆయన నోటి నుంచి రాదని నాకు తెలుసు. పడుగుకు అటు అమ్మ, ఇటు నేను. వేళ్ళకు బూడిద రాసుకుంది. నేను అందిస్తున్నాను, ఆమె అతుకుతోంది. పోగు చూసి అతుకుతోందా, ఏడాదంతా చేసినట్టు వేళ్ళతోనే అతుకుతోందా, ఎట్లా తెలుస్తుంది? దాచడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. అంచు దగ్గరికి వచ్చాం. నేను కుంకుమ పోగుకు బదులు తేనె రంగుది ఒకటి అందించాను. రెండూ వేలికి ఒకేలా తగిలే దారాలే ఏరి పెట్టుకున్నాను.

ఆమె దాన్ని తీసుకుంది. పాత కొస వెతికి పట్టింది. రెండు కొసలూ కలిపి బూడిద వేళ్ళ మధ్య పెట్టుకుంది. పురి పెట్టబోయింది.

ఆమె చెయ్యి ఆగింది.

"గిది ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"ఎందుకు?"

"నీకు కనబడుతాందో లేదో అని."

అమ్మ తల ఎత్తింది. అద్దాల వెనక ఆమె కన్ను చాలా పెద్దదిగా కనిపించింది. "అడిగితె చెప్పనా?" అన్నది.

"చెప్పవు."

కొట్టడానికి వస్తుందనుకున్నాను. ఆమె ఆ పోగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కొంతసేపు కూర్చుంది.

"చెప్పను, నిజమే" అన్నది. "మీ బాపు నిన్ను వాకిట్ల నిలవెట్టి గా మాట అన్ననాడు నాకు ఎరికే. అవి నేను అతికిన పోగులే అని ఎరికే. నోరు తెరిస్తె నా పని పోతదనుకున్న. నువ్వు ఎట్లైనా పోయేటిదానివే గదా అనుకున్న."

ఇన్ని నెలలు నేను అడగాలనుకున్నదానికి జవాబు అదే. నాకు కోపం రాలేదంటే అబద్ధం. చాలా వచ్చింది. లేచి వెళ్ళిపోదామనిపించింది. కానీ పడుగు నడుమ వదిలి లేవడం మా ఇంట్లో లేదు. ఆమె అప్పటికే చెయ్యి చాపి ఉంది. కుంకుమ రంగు పోగు తీసి ఇచ్చాను. దాన్ని అద్దాల దగ్గరికి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, అప్పుడు అతికింది. ఆ రోజు సాయంత్రం దాకా నేను ఇచ్చిన ప్రతి పోగునూ చూసుకునే అతికింది.